కుదపని సీసా

ఇది జరిగింది వానలప్పుడో, ఆ తర్వాతో నేనిప్పుడు రూఢిగా చెప్పలేను. జ్ఞాపకం తనకు నచ్చిన ఋతువును తెచ్చి అతికిస్తుందేమో. వడ్రంగి కంట్లో చెక్కపేడు గుచ్చుకున్నదన్నది మాత్రం నిజం. పలకలో వంకర ఉందో లేదో చూడటానికి అతడు తెరిచి ఉంచే కన్నే అది.

ఆ ఇంట్లో నీడలు ఒక పూట వెనకబడి కదిలేవి. పొద్దున భార్య అతణ్ణి తిట్టిపోస్తే, సాయంత్రం ఆమె వడ్డిస్తున్నప్పుడు గోడమీద ఆమె నీడ వేలు ఆడిస్తూ ఉండేది.

"నీ నీడకింకా కోపం తీరలేదే," అనేవాడతడు.

"నాకు మాత్రం తీరిందని ఎవరన్నారు? తినండి."

కంటి డాక్టరు పుండును గీకి పరీక్ష చేసింది. "ఫంగస్. ఈ తెల్లమందు గంటగంటకీ వెయ్యాలి. బాగా కుదపాలి, లేకపోతే మందంతా అడుగునే ఉండిపోతుంది. ఇదివరకు స్టెరాయిడ్ చుక్కలేమైనా వేశారా? వాటితో పైకి హాయిగానే ఉంటుంది, లోపల ఫంగస్ బలుస్తుంది."

"లేదండీ," అన్నాడతడు, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని.

భార్య గంటగంటకీ సీసా కుదిపి, రెప్ప లాగి చుక్క వేసేది. అతడు పళ్ళు బిగించేవాడు. అయినా నల్లగుడ్డు మీది తెల్లమచ్చ పెరుగుతూనే పోయింది.

"పొర పలచబడుతోంది," అంది డాక్టరు. "చిల్లిపడితే, పోయినవాళ్ళ కంటిపొర తెచ్చి కుట్టాలి. అదీ నిలుస్తుందని చెప్పలేను."

మర్నాడు మధ్యాహ్నం అతడు కునుకు తీస్తుండగా, ఎదుటి గోడమీద అతడి పొద్దుటి నీడ లేచి కూర్చుంది. అటూ ఇటూ చూసింది. తల వెనక్కి వాల్చి, చిన్న సీసాలోంచి కంట్లో చుక్క వేసుకుంది.

సీసాను కుదపలేదు.

అది చూసిన భార్య చేతిలోని గిన్నె కింద పెట్టి, అతడి జేబు తడిమి వేరే చుక్కల సీసా బయటికి తీసింది.

"ఏం చేశావయ్యా! కంట్లో పామును పెట్టుకుని పాలు పోస్తున్నావా?"

"తెల్లది నిప్పులా మండుతుందే. ఇది వేస్తే కాసేపు ప్రాణం కుదుటపడుతుంది..."

"మండనీ! మంట పోతుంది. కన్ను పోతే తేగలవా?"

అతణ్ణి ఉన్నపళంగా ఆసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరు అతణ్ణి చీవాట్లతో దులిపేసి, మాత్రలు కూడా రాసింది. మచ్చ మొదట ఆగింది. తర్వాత, ఎంతో నెమ్మదిగా, అంచులనుంచి కరిగింది. కాస్త మసక మిగిలింది గానీ కన్ను దక్కింది.

ఆ సీసా అతడి చేతిలో పెట్టిందెవరో నాకు తెలుసు, కావాలనే చెప్పలేదు. వారు మంచి మనసుతోనే ఇచ్చారు. ఇప్పటికీ ఆ ఇంటికి వస్తుంటారు, ఆమె కుర్చీ వేసి కూర్చోమంటుంది. కన్ను మిగిలింది గనుక, చుట్టరికాన్ని కూడా మిగలనిచ్చింది.