పెరూ రాజుకు హారతి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా హైస్కూల్లో అందరికీ తెలుసు. క్లాసు జరుగుతుంటే కిటికీ దగ్గరకొచ్చి పలకరించే ధైర్యం ఎవరూ చేయరు. ఆ రోజు తిప్పేష్ చేశాడు. గొర్రెల్ని కాంపౌండు గోడ నీడకు వదిలి, చాలాసేపటి నుంచి నా సోషల్ పాఠం వింటున్నాడట.

"టీచరమ్మా, ఒక మాట. ఆ ఇన్కా రాజు ఉండాడే, ఆయప్ప యేషం ఎవురింటిది?"

పిల్లలు పక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. "పెరూ దేశపు రాజయ్యా ఆయన! సముద్రాల అవతల, ఐదొందల ఏళ్ళ కిందటి మాట. వేషమేంటి, ఇల్లేంటి?"

"అంటే ఎవురింటిదీ కాదు గదా!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

సంగతేమిటో సాయంత్రం అతనే మా ఇంటికొచ్చి చెబితే తెలిసింది. మాది ధర్మవరం. విడపనకల్లు మండలంలోని ఈ ఊరికి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినదాన్ని, ఇక్కడి పద్ధతులు నాకేం తెలుసు? ఏటా జాతరకు ఊరివాళ్ళే కృష్ణ రాయబారం నాటకం ఆడతారు. వేషాలు ఇళ్ళ వారీగా ఉంటాయి. దుర్యోధనుడు నరసింహప్ప ఇంటి వేషం. వాళ్ళ తాత కట్టాడు, నాయన కట్టాడు, ఇప్పుడు ఆయన కడుతున్నాడు. ఆఖరికి శకునికి కూడా ఒక ఇల్లుంది. గొర్రెలవాళ్ళ ఇళ్ళకు దక్కింది మాత్రం ద్వారపాలకుడు. తిప్పేష్ గొంతెత్తితే గుట్ట అవతలి చేలల్లో పనివాళ్ళు నడుము ఎత్తి వింటారు. అలాంటివాడు స్టేజీ మీద ఇన్నేళ్ళుగా "మహారాజా, శ్రీకృష్ణులవారు వేంచేశారు" తప్ప ఇంకో ముక్క అనలేదు.

నాటకం అయ్యాక, చివరికి కిరీటంతో నిలబడ్డవాడికి, అంటే ఏటా దుర్యోధనుడికే, ఊరి ఆడవాళ్ళు హారతి పడతారు. అతను "ఊరు సల్లగా ఉండల్ల" అంటాడు. ఊరంతా తల వంచి "ఉండల్ల" అంటుంది.

"ఒక్క తూరి, టీచరమ్మా," అన్నాడు తిప్పేష్. "మా ఇంటోడు ఒక్కడన్నా ఆ మాట అనల్ల. మీరు ఆట రాసిస్తే ఆ రాజు మాకు మిగుల్తాడు. అడ్డం చెప్పేకి ఆ యేషానికి ఈడ వారసులు లేరు గదా."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రాస్తానన్నాను.

రాశాను. కొండల నడుమ కుస్కో అనే చిన్న రాజ్యం. దాన్ని మహా సామ్రాజ్యంగా పెంచిన పచకుతి. మెట్లు మెట్లుగా కట్టిన చేలు, కొండల మీదుగా బాటలు, ఆ బాటల్లో వార్తలు మోసుకుపోయే పరుగువాళ్ళు, కరువొస్తే తలుపులు తెరిచే ధాన్యం గిడ్డంగులు. తర్వాత అన్నదమ్ముల పోరు, తెల్లవాళ్ళు తెచ్చిన జబ్బులు. ఆఖర్న స్పెయిన్ నుంచి పిజారో దిగడం, అటావాల్పా రాజును పట్టుకోవడం. రాజులందరి వేషాలూ తిప్పేష్‌కే.

నాటక సమాజానికి పెద్ద నరసింహప్పే. ఒప్పుకోడనుకున్నాను. నవ్వుతూ ఒప్పుకున్నాడు. పైగా పిజారో తానే కడతానన్నాడు. "కట్టనీలే అమ్మా పిల్లోణ్ణి, నాదేం పోతాది?" అన్నాడు. ఎంత పెద్ద మనసో అనుకుని ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పి మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రిహార్సళ్ళు బ్రహ్మాండంగా సాగాయి. ఆ కొండల్లో మేపే లామాలనే బొచ్చు జంతువులకు బదులు తిప్పేష్ తన గొర్రెల్నే తోలుకొచ్చాడు. వద్దయ్యా బాబూ అంటే, "యాడిదైనా బొచ్చు బొచ్చే గదమ్మా" అన్నాడు. చివరి రంగం వచ్చేదాకా నాకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆ రంగంలో పిజారో గది నిండా బంగారం తీసుకుంటాడు. వదిలేస్తానన్న మాట తప్పుతాడు. రాజును చంపించి కిరీటం లాక్కుంటాడు. తెర.

నరసింహప్ప కిరీటం నెత్తిన పెట్టుకుని మీసం దువ్వాడు. "ఇప్పుడు హారతి ఎవురికి, టీచరమ్మా?"

నా తల తిరిగిపోయింది. కిరీటం ఈయన దగ్గరుంది. తిప్పేష్ నేల మీద చచ్చి పడున్నాడు.

"రాజును సంపొద్దులే టీచరమ్మా," అన్నాడు తిప్పేష్ పడుకునే. "బతికిచ్చేయండి."

"చరిత్ర మార్చమంటావా? రేపు పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" గయ్యిమన్నాను.

"సరేలేమ్మా, సావనీ. పద్యమన్నా బాగా పాడి సస్తా." దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేసి, రాజు పోయాక ఆయన తమ్ముడి కథ ఒకటి ఉందని చెప్పడానికి నరసింహప్ప ఇంటికి పరుగెత్తాను. ఆయన వినను కూడా లేదు. "ఆటకు కొబ్బరికాయ కొట్టేసినాం. ఇంగ ఒక్క రంగం కూడా కలిపేది లేదు" అన్నాడు. ఆయన భార్య తిప్పమ్మ జొన్నలు చెరగడం ఆపి నా వైపు చూసింది.

జాతర రోజు పొద్దు వాలకముందే మైదానం నిండిపోయింది. తిప్పేష్ గొంగడి కప్పుకుని పచకుతిగా వస్తే ఎవరికీ ద్వారపాలకుడు గుర్తు రాలేదు. గిడ్డంగులు తెరిచే పద్యం అందుకున్నాడు. నా రాజ్యంలో చినుకు తప్పినా పిడికెడు గింజలు తప్పవని ఆ పద్యం. మూడేళ్ళుగా వేరుశెనగ ఎండిపోతున్న ఊరది. జనం లేచి నిలబడ్డారు. ఈలలు, కేకలు, "వన్స్ మోర్"లు. మళ్ళీ పాడాడు. నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ తర్వాత కొయ్య గుర్రం మీద నరసింహప్ప దిగాడు. ఏమాటకామాటే, గొప్ప నటుడు. ఆయన మాట తప్పినప్పుడు ముసలమ్మలు నిజంగానే మెటికలు విరిచారు. తిప్పేష్ అన్నట్టే పద్యం పాడి చచ్చిపోయాడు.  నరసింహప్ప కిరీటం పెట్టుకుని స్టేజీ మధ్యలో నిలబడ్డాడు.

హారతి పళ్ళెం పట్టుకుని తిప్పమ్మ మెట్లెక్కింది. మొగుణ్ణి దాటి నేరుగా వెళ్ళి తిప్పేష్ దగ్గర ఆగింది.

"లెయ్యి నాయనా."

"ఏమ్మే, ఈడ ఉండాను!" నరసింహప్ప పళ్ళు నూరాడు.

"కనపడ్తాండావులే. ఆ పిల్లోడు ఊరికి గింజలు పెట్టినాడు. నువ్వేం చేసినావ్? నమ్మిచ్చి సంపినావ్. నీకు హారతి పట్టేకి నాకేమన్నా పిచ్చా?"

"నాటకమే అది!"

"హారతి నాటకం కాదు గదా!"

జనం గొల్లుమన్నారు. తిప్పమ్మ నా వైపు తిరిగింది. "ఏమమ్మా, ఈ రాజుకు ఎనకాల ఎవురూ లేరా? తమ్ముడని ఏందో చెప్పేకి వస్తివి గదా మొన్న?"

రంగానికీ రంగానికీ మధ్య కథ చెప్పేది నేనే, మైకు నా చేతిలోనే ఉంది. ఇంకెవరి మాటా వినదలచుకోలేదు. "ఉన్నాడు! తమ్ముడు మాంకో. అతనికి కిరీటం పెట్టిందెవరో తెలుసా? ఈ పిజారోనే! కీలుబొమ్మలా పడుంటాడని పెట్టాడు. మాంకో పడుండలేదు. జనాన్ని కూడగట్టి వడిసెల రాళ్ళతో కొట్టాడు. మైదానంలోకి నది నీళ్ళు వదిలి, గుర్రాలు అడుగు వేయలేకుండా చేసి, స్పెయిన్ వాళ్ళను తరిమాడు! రాజ్యం చివరికి పోయింది, నేను అబద్ధం చెప్పను. మనుషులు పోలేదు. ఇవాళ్టికీ ఆ కొండల్లో ఆ భాషే మాట్లాడుతున్నారు, ఆ మందల్నే మేపుతున్నారు!"

నరసింహప్ప నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నిజమేనా? పెట్టింది నా యేషమేనా?"

"మా పిల్లల మీద ఒట్టు. మీరు పెట్టకపోతే మాంకో లేడు."

ఆయన జనాన్ని చూశాడు. తిప్పేష్‌ను చూశాడు. ఎంతైనా మూడు తరాల నటుడు, తన వేషానికి ఇంకో రంగం ఉందంటే వదులుకోగలడా? తొడ చరిచాడు. "ఓరీ మాంకో! అన్న పోయెనని ఏడ్చెదవేల? లెమ్ము! ఈ మకుటము నీకే!" అని గర్జించి, తన రెండు చేతులతో కిరీటం తీసి తిప్పేష్ తల మీద పెట్టాడు.

తిప్పేష్ లేచి నిలబడ్డాడు. తిప్పమ్మ హారతి ఇచ్చింది. కింద తిప్పేష్ వాళ్ళమ్మ సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను, సిగ్గేముంది! తిప్పేష్ ఒక చేత్తో కిరీటం సర్దుకుని జనం వైపు తిరిగాడు.  గుట్ట దాటే ఆ గొంతుతో అన్నాడు.

"ఊరు సల్లగా ఉండల్ల."

"ఉండల్ల!" అంది ఊరు. ఇన్నేళ్ళూ దీవించడమే తప్ప జవాబు చెప్పి ఎరగని నరసింహప్ప, తల వంచి, అందరికంటే గట్టిగా "ఉండల్ల" అన్నాడు.