రాయా, గాజా?

మా ఆడపడుచు వనజ పెట్టిన షరతు ఒక్కటే. "రాయైతే వేసుకో వదినా, ఎవరూ ఏమీ అనరు. గాజు మాత్రం వద్దు."

మా ఆయన పోయిన పదో రోజున నా చేతుల గాజులు తీయించింది ఆవిడే. మూడేళ్లు బోడి చేతులతో తిరిగాను. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక గిన్నెలమీద చూపించేదాన్ని. అలాంటిది, ఒకరోజు ఫోన్‌లో జేడ్ అనే పచ్చరాయితో చేసిన గాజు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. పేరుకు గాజే, కానీ రాయి!

రెండు వారాలు దాని గురించే చదివాను. పదో తరగతిలో ఈ శ్రద్ధ పెట్టి ఉంటే టీచరమ్మనయ్యేదాన్ని. అసలు జేడ్ రెండు రకాలట. మెరుపెక్కువది జేడైట్, నూనె రాసినట్టుండేది నెఫ్రైట్. జేడైట్‌లో మళ్లీ మందులు తగలనిది 'ఎ' రకం, కడిగి జిగురు నింపింది బి రకం, రంగేసింది సి రకం. ఇవికాక జేడ్ పేరు పెట్టుకుని తిరిగే వేరే రాళ్లు, ఆఖరికి గాజు. నా భయమంతా ఆ ఆఖరిదానితోనే.

తల్లాడలో బస్సెక్కి భద్రాచలంలో రాళ్లమ్మే సంతోష్ కొట్టుకు వెళ్లాను. కాపలాకి వనజ కూడా వచ్చింది.

అతను చూపించిన మొదటిదాన్ని భూతద్దంలో చూశాను. సన్నటి పగుళ్లలో రంగు పేరుకుని ఉంది. "రంగేశారు. సి రకం" అన్నాను.

"అమ్మా, కొందామని వచ్చిండ్రా, నాకు పరీక్ష పెడదామని వచ్చిండ్రా?" అని నవ్వాడు సంతోష్.

రెండోది నెఫ్రైట్. పరీక్షించిన కాగితం కూడా ఉంది. "పిన్నీసుతో గీకి చూడుండ్రి, గీత పడదు" అన్నాడు. పిన్నీసు తగిలించుకోవడానికి నా మెడలో పుస్తెలతాడు లేదు. వనజ తన తాడుకున్నది తీసి, నా మొహం చూడకుండా ఇచ్చింది. గీకాను. గీత పడలేదు. చెంపకు ఆనిస్తే చాలాసేపు చల్లగానే ఉంది.

"అసలైన రాయే! ఇంకేం వదినా, వేసుకో" అంది వనజ. ఆవిడ గొంతులో కూడా సంతోషం వినబడింది.

వేసుకున్నాను. సరిగ్గా పట్టింది. చెయ్యి ఊపాను. చప్పుడు లేదు. మళ్లీ ఊపాను.

చివరి రెండేళ్లు మా ఆయనకు చూపు ఆనలేదు. నేను వంటింట్లో ఉన్నానో పెరట్లో ఉన్నానో గాజుల చప్పుడునుబట్టే కనిపెట్టేవారు. చప్పుడు ఆగితే, "ప్రమీలా, ఏం ఆలోచిస్తున్నావు?" అని కేకేసేవారు. అది గుర్తొచ్చి కొట్లోనే ఏడ్చేశాను.

కళ్లు తుడుచుకుని, రాతిగాజు తీసి పక్కన పెట్టాను. బల్ల మూలనున్న పచ్చటి జత అందుకున్నాను. సంతోష్ కంగారుపడ్డాడు. "అవి జేడ్ కాదమ్మా, ఉత్త గాజు. తర్వాత నన్ను అనొద్దు."

వనజ భూతద్దం లాక్కుంది. "వదినా, లోపల బుడగలున్నాయి. నిజంగా గాజే!"

"తెలుసు. రెండు వారాలు చదివాను కదా" అన్నాను.

తొడుక్కుని చెయ్యి ఊపాను. మోగాయి.

వనజ నా రెండో చెయ్యి పట్టుకుంది. పదో రోజున కూడా అలాగే పట్టుకుంది. మళ్లీ తీయిస్తుందేమోనని పిడికిలి బిగించాను.

"బాబూ, ఈ చేతిక్కూడా ఒక జత ఇవ్వు" అంది వనజ.