భారతికి బాగా అందుతోంది

జర్నల్ నుంచి మెయిల్ వచ్చేసరికి ఈశ్వరి పెసరట్టు తిరగేస్తోంది. ముందుగదిలో ధర్మేంద్ర కేక పెట్టాడు. అట్లకాడ చేత్తో పట్టుకునే పరుగెత్తింది. పెళ్లయి నలభై రోజులు. మొగుడి మొదటి పరిశోధన పత్రం అచ్చుకు తీసుకున్నారంటే ఆ సంబరంలో సగం తనదే కదా! తీరా గుమ్మంలోకి వచ్చేసరికి అతను ఫోన్ చెవిన పెట్టేశాడు.

"భారతీ! ఒప్పుకున్నారు! నాగావళి మీద ఇంకొక్కసారి కొలిసి పంపమన్నారు, అంతే!"

భారతి అతని కాలేజీలోనే లెక్చరర్. ఆ పత్రం ఇద్దరూ కలిసి రాశారు. ఆదివారాలు ఆమె నది అవతలి గట్టున రిసీవర్ పట్టుకుని నిలబడితే, అతను ఇవతలి నుంచి రేడియో సంకేతాలు పంపేవాడు. కిందటి వారం అతను ఫోన్లో "నీకు బాగా అందుతన్నాది, ఇంకాస్త ఎక్కిస్తాను" అనడం విన్న దగ్గర్నుంచి ఈశ్వరికి అన్నం సయించడం లేదు.

"ఏటి బావా, ఆవిడకి ఎక్కించేది?" అంది అట్లకాడ ఊపుతూ.

"ఓసినీ! బిట్లే, కబురు ముక్కలు! గాల్లో ఒకటే దారి కాదు, అరవై నాలుగు సన్నదారులు. మన ఆటోవోళ్లని సూడు. తారురోడ్డయితే పదిమందిని కుక్కుతారు, గతుకులయితే ఇద్దరితో సరి. ఏ దారి బాగున్నాదో అవతలోళ్లు సెప్తే దాన్నిబట్టి ఎక్కిస్తాను. మా పత్రం అదే."

ఈశ్వరికి అర్థమైంది. అర్థమయ్యాక మరీ మండింది.

"అందుకా! ఆవిడతో గంటల కబుర్లు, నాతో 'ఊఁ', 'ఆఁ'. నా దారికి ఇద్దరేనేటి?"

"ఒసే, నీ రోడ్డెలాగున్నాదో నువ్వు సెప్పాల కదే!"

"సెప్తన్నాను, ఇను. మంచి కబురు ముందు ఆవిడకి సెప్పావు. ఒళ్లు మండిపోతన్నాది."

ధర్మేంద్ర నవ్వు ఆగిపోయింది. వంటింట్లోంచి మాడు వాసన వస్తున్నా ఇద్దరూ కదల్లేదు.

"తప్పేనే ఈశ్వరీ," అన్నాడు మెల్లగా. "ఏటి సెయ్యమంటావు?"

"ఇకమీదట అవతలి గట్టున రిసీవర్ నాను పట్టుకుంటాను."

"మంచిదే. భారతి నా పక్కన నీడపట్టున కూకుని లెక్కలు సూసుకుంటాది."

ఈశ్వరి గతుక్కుమంది. ఎండలో తను ఆ గట్టున, ఆవిడేమో ఈ గట్టున అతని పక్కనా! మధ్యలో ఇంత నది!

"అక్కర్లేదు!" అంది గబగబా. "ఆవిణ్ణి అవతలే ఉండమను. రేపు ఆదివారమే కదా, పొద్దున్న ఆరింటికి ఎల్దాం. నీ పక్కన నాను కూకుంటాను. ఏ దారికి ఎంత ఎక్కించాలో ఆ మీట నానే నొక్కుతాను."