పువ్వు రేకుల కమాను

బ్యాగు సర్దుతున్నంతసేపూ అజీజా నోరు ఆగలే.

"స్వెటర్ పెట్టిన. బీపీ గోలీలు పక్క జేబుల ఉన్నయి. బీదర్‌ల చలి ఎక్కువట. ఏంజీ, వింటున్నరా?"

"నువ్వు గిట్ల మాట్లాడితే బీదర్‌ల ఉన్నోళ్లకు గూడ ఇనవడ్తది," అన్నడు ఫజలుద్దీన్. కరీంనగర్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. దోస్తు కొండల్‌తో పోయి అక్కడి బహమనీల కాలం పాత మదర్సా చూసొస్తనని వారం నుంచి అంటున్నడు.

ఆయన బ్యాగులో స్టీలు పళ్లెం, గ్లాసు పెట్టుకుంటుంటే అజీజా ఆపింది. "బీదర్‌ల గ్లాసులు లేవా?"

"ఉన్నయి. సుల్తానులవి. ముట్టనియ్యరు."

ఆమె నవ్వింది గానీ ఫికర్ తగ్గలే. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా ఆమెకు అదే బాధ. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి చుట్టి, ఇమామ్ జామిన్ అని ఆయన కుడి భుజానికి కట్టింది. క్షేమంగా చేరినంక ఆ రూపాయి ఎవరికన్నా దానమియ్యాలె.

"పరేషాన్ బేగం, జర నవ్వుకుంట పంపియ్," అన్నడాయన.

అజీజా చదివింది మూడో తరగతి. మిగతాదంతా ఆయన పుస్తకాల్లో బొమ్మల కింది అక్షరాలు కూడబలుక్కుంట సొంతంగా నేర్చుకున్నదే. ఆదివారం వస్తే ఇద్దరూ స్కూటర్ మీద నగునూరు గుళ్లకో, ఎలగందుల ఖిల్లాకో పోయేది. ఏ కట్టడం ముందు నిలబడ్డా, అది ఎవరి కాలానిదో ముందు ఆమె, తర్వాత ఆయన చెప్పాలె. తప్పు చెప్పినోళ్లు ఇంటికొచ్చి చాయ్ పెట్టాలె. నున్నటి నల్లరాతి స్తంభాలు కాకతీయులవి. మొనదేలిన కమాన్లు, గోడలకు నీలి పెంకులుంటే బహమనీలవి. సన్నటి మినార్లకు సున్నంతో పూలు దిద్దితే కుతుబ్‌షాహీలవి. మొదట్లో ప్రతిసారీ ఆమే చాయ్ పెట్టేది. పోను పోను ఆయన వంతు కూడా రాబట్టింది.

ఆయన బయలెల్లిన మూడో రోజు పొద్దుగూకంగ కొండల్ ఫోన్ నుంచి ఫొటో వచ్చింది. 'మదర్సా ముందు' అని రాసుంది. అలవాటుకొద్దీ ఆమె కళ్లు మొదలు మనిషి మీద కాదు, వెనుకున్న కమాను మీద పడ్డయి. అంచంతా పువ్వు రేకుల్లెక్క వంపులు. దాని పక్కనే దొరల బంగ్లాల్లో ఉండే ఇనుప కిటికీ. పైన గొడుగు లాంటి చిన్న గుమ్మటం. నీలి పెంకు ఒక్కటీ లేదు.

"నిజాం కాలం," అన్నది పైకే.

ఆ కమాను ఆమెకు తెలుసు. వెనుకట ఆమె గర్భసంచి ఆపరేషన్‌కు హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పోయినప్పుడు, భయంతో వణుకుతుంటే, మంచం పక్కన కూర్చొని వరండా చూపించి ఆయన నేర్పిన కమానే అది. మళ్లీ ఫొటో చూసింది. ఆయన మెడ ఎముకలు తేలినయి.

ఫోన్ చేసింది.

"ఏంజీ, గా కమాను ఎవరిది?"

"బహమనీలది," అన్నడు.

ఇన్నేండ్ల కాపురంలో ఆయన కావాలని తప్పు చెప్పడం అదే మొదలు. అబద్ధమని అరవబోయింది. ఆయన గొంతులో ఆయాసం వినిపించి ఆగింది. తను ఫికర్ పడొద్దనే కదా ఇంత కష్టపడుతున్నడు.

"అవును, బహమనీలదే," అన్నది. "బువ్వ తిన్నరా?"

"తిన్న. నువ్వు తలుపుకు గొళ్లెం పెట్టుకో."

పొద్దున హైదరాబాద్‌కు మొదటి బస్సెక్కింది. తప్పు చెప్పినరు, ఇంటికి రాంగనే చాయ్ మీరే పెట్టాలె అని మొఖం మీదనే అడుగుదామని దారి పొడుగునా అనుకున్నది. దవాఖాన వరండాలో కొండల్ ఒక్కడే కూర్చున్నడు. ఆమెను చూసి బిత్తరపోయి లేచిండు.

"వదినా! నీకెట్ల తెలిసింది?"

"ఫొటో పంపితివి గదా."

"కమాను ఉన్నది గదా అని ఆడ నిలబెట్టిన. ఏ కమానైతేంది, ఒకతీరే కనవడ్తదనుకున్న." కొండల్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "కడుపుల గడ్డ వదినా. నీకు చెప్తే తట్టుకోవని ఒట్టు పెట్టించుకున్నడు. ఇప్పుడే లోపలికి తీస్కపోయిన్రు."

"నేనొచ్చినని చెప్పు."

"తలుపులు మూసిన్రు వదినా."

ఆమె ఆ కమాను కింద, రాతి మెట్టు మీద కూర్చున్నది.

ఫజలుద్దీన్ కరీంనగర్‌కు మళ్లీ రాలే. అదే రోజు, 2023 ఫిబ్రవరి తొమ్మిది, గురువారం, సాయంత్రం అసర్ నమాజు వేళకు ఆపరేషన్ గదిలోనే చనిపోయిండు.