మేం ఊడదీసిన తలుపులు

వదిన బిడ్డను కన్న తొమ్మిదో రోజు. జోరున వాన. కాలనీ ఆఫీసరు గొడుగు కింద నిలబడి ఆమె ఇంటి తలుపు ఊడదీయించి, లారీలో వేసుకుపోయాడు. కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆమె చేసిన నేరమేమిటి? గూడు కూలిపోయిన చెల్లెలి సంసారాన్ని ఇంట్లో పెట్టుకుంది. ఇంటికి నలుగురే ఉండాలట! కొండ మీద అయినవాళ్ళు వస్తే చాప జరిపి చోటిచ్చినవాళ్ళం మేం. గని కోసం మమ్మల్ని కిందికి దించి, ఈ రేకుల గదులు చూపించి, "ఇవి మీవే" అన్నారు. పదకొండేళ్ళయినా పట్టా లేదు. బూటు చప్పుడు వింటే అందరం తలుపులు బిగించుకుంటాం. మా అమ్మయితే మూట కట్టుకునే పడుకుంటుంది.

"మా ఇంటికి రా వదినా, పసిగుడ్డు ఆయాసపడుతోంది" అన్నాను.

"గడప దాటితే ఇల్లు ఖాళీ అని రాసి సీలు వేస్తారే. చచ్చినా కదలను."

తలుపు ఊడదీసిన చేతులు ఎవరివనుకున్నారు? మా మావయ్యవి! ఆయనా కొండవాడే, వడ్రంగి, ఆఫీసులో దినకూలీ. ఆ సాయంత్రం వాన వెలిశాక కుళాయి దగ్గర ఆయన్ని చుట్టుముట్టాం.

"నీకు చేతులెలా వచ్చాయి మావయ్యా?"

"నేను కాకపోతే ఇంకొకడు పీకుతాడు. నా పొయ్యిలో పిల్లి లేవొద్దూ?"

"అర్జీ పెడదాం" అన్నాడో పెద్దాయన.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!" అంది బట్టలుతికే అత్త.

"రేపు ఇంకో ఇరవై ఇళ్ళవి పీకమన్నారు" అన్నాడు మావయ్య నేల చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. "తలుపు పీకుతామనే కదా భయపెడుతున్నారు! మనమే పీకేస్తే ఇంక దేంతో బెదిరిస్తారు?"

నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు.

తెల్లారగానే మావయ్య పనిముట్ల సంచితో వచ్చి, ముందు తన తలుపే ఊడదీశాడు. తలుపు కింద చెక్కముక్క దోపి బరువు ఆపడం, తుప్పుపట్టిన మరమేకుకు కిరసనాయిలు చుక్క వేయడం మాకూ నేర్పాడు. మధ్యాహ్నానికి కాలనీ తలుపులన్నీ వీధి మొదట్లో గోడకు చేర్చాం. ఖాళీ అని రాయకుండా ప్రతి గడపలో ఒక అవ్వో తాతో కూర్చున్నారు.

ఆఫీసరుతో, పోలీసులతో జీపు వీధిలోకి వచ్చింది. వెనక లారీ వచ్చేలోపే మేం తలుపులెత్తి దారికి అడ్డంగా నిలబెట్టేశాం. జీపు లోపల, లారీ బయట; ఉన్నది ఆ ఒక్క దారే.

"ఎవడ్రా ఇవి ఊడదీసింది?" ఆఫీసరు కేకేశాడు.

"నేనే" అన్నాడు మావయ్య. "నిన్నటిది మీకోసం. ఇవి మాకోసం."

పోలీసులు ఆయన చొక్కా పట్టి జీపులో పడేశారు. బయటికి పోదామని జీపు వెనక్కి తిరిగింది. తలుపుల వెనక పిల్లా పెద్దా భుజం కలిపి నిలబడ్డాం. లాఠీలు చెక్క మీద పడ్డాయి, మా వేళ్ళ మీదా పడ్డాయి. ఒక్క తలుపూ వాలలేదు. హారన్ ఆగకుండా మోగింది.

"హారన్ కొడితే తెరవం! దిగొచ్చి తట్టండి!" గడపలోంచి వదిన అరిచింది.

ఆఫీసరు బురదలోకి దిగాడు. అటూ ఇటూ చూసి, చివరికి తట్టాడు.

"ఎవరూ?" అని వీధంతా అడిగింది.

"కాలనీ ఆఫీసర్ని."

"మా వదిన తలుపు తెచ్చావా?" అన్నాను.

అతను జీపు వైపు తిరిగి చూశాడు.

"అయితే మావయ్యను దింపు. తలుపు తెప్పించి బిగించు. అప్పుడు తెరుస్తాం."