హెల్వి పేరున్న రికార్డు

కెనడాలోని థండర్ బేలో మంచు పడడం మొదలైతే హెల్వి రాంటలాకు కాళ్లు ఊరుకోవు. ఏడేళ్ల వయసు నుంచీ స్కీల మీద పందేలకు వెళ్లిన పిల్ల. పంతొమ్మిదో ఏట ఒక పందెంలో ముగింపు గీత కనబడుతుండగానే గుండె లయ తప్పి పడిపోయింది. డాక్టర్లు ప్రాణం నిలిపారు, పందేలు మాన్పించారు. "మెల్లగా స్కీయింగ్ చేసుకో. నాడి మాత్రం నూట ఇరవై దాటకూడదు" అన్నారు.

ఆట లేకుండా బతకడం చేతగాక, ఆట గురించి చదవడానికి యూనివర్సిటీలో చేరింది. క్రీడా శాస్త్రం, క్రీడా నిర్వహణ రెండూ కలిసిన డిగ్రీ. కండరం ఎందుకు అలిసిపోతుందో, పందేనికి అనుమతులు ఎక్కడ తీసుకోవాలో ఒకే వారంలో నేర్పేవారు. మార్కులు బాగానే వచ్చేవి. ప్రయోగశాలలోనే ఆమె ప్రాణం విలవిల్లాడేది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాళ్ల మూతికి మాస్కు బిగించి, వాళ్ల ఊపిరి లెక్కలు రాయడం ఆమె పని. వాళ్లు రొప్పుతుంటే తనకు తెలియకుండానే పిడికిళ్లు బిగించేది.

ఒకరోజు ఉండబట్టలేక ప్రొఫెసర్ మెకాలిస్టర్‌ను అడిగేసింది.

"ఒక్క మూడు నిమిషాలు నన్నూ ఎక్కనివ్వండి సార్. మీరు పక్కనే ఉంటారుగా."

"నేనుండి ఏం చేస్తానమ్మా? అంబులెన్సుకి ఫోన్ చేస్తాను."

"పోనీ, రెండు నిమిషాలు."

"బేరాలాడకు, హెల్వీ." ఆయన ఆమె చేతిలోని మాస్కును మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టాడు.

చివరి ఏడాది ప్రాక్టికల్ కింద ఫిబ్రవరి పందెం నిర్వహణ ఆమెకు అప్పగించారు. పది కిలోమీటర్ల దారి, అరవై మంది పోటీదారులు, వలంటీర్లు, వేడివేడి బఠానీ సూపు, అన్నీ ఆమె నెత్తినే. ఆ దారిలో ఆడవాళ్ల రికార్డు అప్పటికీ హెల్విదే. ఇరవై ఎనిమిది నిమిషాల పదకొండు సెకన్లు.

పందెం నాటి ఉదయం మైనస్ పద్నాలుగు డిగ్రీలు. మంచు గట్టిపడి స్కీలు ఇట్టే జారుతున్నాయి. ఒకప్పుడు స్కీ క్లబ్బులో ఆమె వెనకే తిరిగిన నాదీన్ బుషే వచ్చి వరసలో నిలబడింది.

"మేనేజర్ గారూ, నా పేరు సరిగ్గా రాయించారా?"

"పేరుకేం, బాగానే ఉంది. ముందు ఆ టోపీ కిందికి లాక్కో, చెవులు రాలిపోతాయి."

అందరినీ ఒకేసారి వదిలి, హెల్వి స్టాప్‌వాచ్‌తో ముగింపు గీత దగ్గర నిలబడింది. ఇరవై ఏడు నిమిషాలు దాటి నలభై సెకన్లయ్యేసరికి నాదీన్ ఒంటరిగా చెట్ల మలుపులోంచి బయటపడింది. రికార్డు పోతుందని హెల్వికి అర్థమైపోయింది. ఒక్క స్కీ జారితే చాలు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. మరుక్షణం తన గొంతే తనకు వినిపించింది: "చేతులు! చేతులు వాడవే! లాగు!"

ఇరవై ఎనిమిది నిమిషాల ఎనిమిది సెకన్లు.

నాదీన్ మంచులో వెల్లకిలా పడి రొప్పుతూ అడిగింది: "ఎంత?"

హెల్వి చెప్పింది.

"అంటే నీది..."

"పోయింది. లే, చలి పట్టేస్తుంది."

"సారీ, హెల్వీ."

"నోర్ముయ్. ఇంకోసారి సారీ అన్నావంటే నీ పేరు కొట్టేస్తా."

ఇద్దరూ నవ్వారు. నాదీన్ మీద దుప్పటి కప్పుతూ హెల్వి గొంతు తగ్గించి అడిగింది: "ఆ చెట్ల వెనక చివరి ఎత్తు ఎక్కుతుంటే ఎలా ఉంది?"

"చచ్చిపోతాననిపించింది..." నాదీన్ నాలిక కరుచుకుంది.

"ఆపకు. చెప్పు."

"తొడలు మండిపోయాయి. నోట్లో ఇనుము రుచి. కళ్ల ముందు చెట్లు కూడా కనపడలేదు. పైకొచ్చాక ఒక్కసారిగా ఒళ్లంతా దూదైపోయింది."

హెల్వి ఒక్క మాట పోనివ్వకుండా విన్నది. "ఇంకా?" అంది.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక స్కీలు కట్టుకుని ఆ ఎత్తు దగ్గరికి వెళ్లింది. చేతి గడియారంలో నాడి నూట పద్దెనిమిది కాగానే ఆగడం, వంద లోపుకు దిగాక మళ్లీ రెండడుగులు వేయడం. ఒకప్పుడు నిమిషన్నరలో ఎక్కిన చోటికి పదకొండు నిమిషాలు పట్టింది. పైన గాలి లేదు. తొడలు మండలేదు, నోట్లో ఏ రుచీ లేదు. ఆ మంట కోసం కళ్లు చెమ్మగిల్లేంతగా ఒళ్లంతా తపించిపోయింది. దారి పొడవునా పాతిన జెండాలు ఒక్కొక్కటే పీక్కుంటూ దిగింది.

వసంతంలో డిగ్రీ చేతికొచ్చింది. పందేలన్నీ చూసుకోమని క్లబ్బువాళ్లు ఉద్యోగమిచ్చారు. హెల్వి ఒక్క షరతు పెట్టింది: పందెం రోజున తన చోటు ఆఫీసులో కాదు, ఆ చివరి ఎత్తు పక్కన.