చల్లబడిన పూట

నేను ఒక గుడ్లు పొదిగే పెట్టెను. చదువుకున్నవాళ్లు ఇంక్యుబేటర్ అంటారు. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. లోపల నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, గుడ్లు పెట్టే అరలు. అయినా కోడి చేసే పనంతా చేస్తాను, కోడిలా గోల మాత్రం చేయను.

మొదట తణుకు దగ్గర కోళ్లఫారం వీర్రాజు నన్ను కొన్నాడు. నా తలుపు తీస్తే చాలు, తడి ఆరని పిల్లలు కిచకిచమనేవి. ఆ సుఖం ఎక్కువకాలం దక్కలేదు. పెద్ద మిషన్లు రాగానే నన్ను ఒక విశ్వవిద్యాలయానికి అమ్మేశాడు. ఊరి పేరు చెప్పను, కొందరు నొచ్చుకుంటారు.

ఇక్కడ గుడ్డును పిల్ల కానివ్వరు. రెండు మూడు రోజులకే పెంకు పగలగొట్టి లోపల గుండెను చూస్తారు. మొదట్లో నాకు కడుపు మండిపోయేది. తర్వాత హైమవతి పరిశోధనకు వచ్చింది. గుడ్డు పగలగొట్టే ముందు ప్రతిసారీ ఆ పిల్ల చేయి కాస్త ఆగేది. అది చూశాక నా కోపం సగం తగ్గింది.

ఆమె స్నేహితురాలికి చెబుతుంటే విన్నాను. మొదట గుడ్డులో గుండె ఉండదట, ఇంకా ఏమీ తేల్చుకోని కణాలే ఉంటాయట. పక్క పొర నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ అనే సంకేతం అందితే వాటిలో కొన్ని గుండె కణాలవుతాయి. అయితే వేళ కుదరాలి. అదే సంకేతం మరీ ముందుగా అందితే ఉన్న అవకాశమూ పోతుంది. దాన్ని సరైన వేళకు చుక్కగా వేసి గుండె కణాలను పెంచి చూపించడం ఆమె పని. అప్పటికి రెండుసార్లు బెడిసికొట్టింది. ఈసారీ కుదరకపోతే అంశం ఇంకొకరికి ఇచ్చేస్తానని గైడు పినాకపాణి గారు తేల్చి చెప్పేశారు.

ఆయన పాఠం చెబితే గాలి కూడా ఆగి వింటుంది. దసరా వస్తే మాత్రం ల్యాబులో మిషన్లన్నీ ఆపి, బొట్టు పెట్టి, వాటికి విశ్రాంతి ఇస్తారు. ఆ ఏడు హైమవతి ముందురోజు సాయంత్రం నాలో గుడ్లు పెట్టి, ఆ సంగతి ఆయనకు చెప్పి, అమ్మకు జ్వరమంటే ఊరెళ్లింది. పొద్దున్నే పూజ చేసి ఆయన నా స్విచ్ కట్టేశారు. గుడ్ల సంగతి మరిచారు. అవి నా ఒడిలో చల్లబడుతుంటే నోరులేనిదాన్ని, ఏం చేయను? మధ్యాహ్నం దాటాక గుర్తొచ్చి పరుగున వచ్చారు. ఒక గుడ్డు తీసి చెంపకు ఆనించుకున్నారు. స్విచ్ వేసి తలుపు మూశారు.

దీపాలు పెట్టే వేళకు హైమవతి తిరిగొచ్చింది. వరండాలో ఎదురుపడితే, పినాకపాణి గారు అమ్మకెలా ఉందని మాత్రం అడిగారు. ఆమె తన లెక్క ప్రకారం పెంకులకు చిన్న కన్నాలు పెట్టి చుక్కలు వేసింది. పగలంతా చల్లబడిన లోపలి జీవం ఆ చుక్క పడాల్సిన దశకు ఇంకా చేరనే లేదు.

తర్వాత పగలగొట్టి చూస్తే చుక్క పడిన ఏ గుడ్డులోనూ గుండె లేదు. చుక్క వేయనివి కూడా ఒక పూట వెనకబడి ఉన్నాయి. గుడ్లు చల్లబడినట్టున్నాయని ఆమె గైడుతో అంది.

“కరెంటు పోయి ఉంటుందమ్మా,” అన్నారాయన, నా వైపు చూడకుండా.

అంశం ఇంకొకరికి వెళ్లింది. హైమవతి పరిశోధన మానేసి సొంతూళ్లో బడిపిల్లలకు సైన్సు చెప్పుకుంటోంది. ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఇవాళ నన్ను తుక్కు బండి కోసం వరండాలో పెట్టారు. పినాకపాణి గారికి రిటైర్మెంటు దగ్గరపడింది. వచ్చి నా తలుపు మీద చేయి వేసి, ఫోను తీశారు. వినికిడి తగ్గింది కదా, స్పీకరు పెట్టి మాట్లాడతారు.

“హైమవతీ, ఆ దసరానాడు పెట్టె ఆపింది నేనేనమ్మా.”

“తెలుసు సార్. దసరాకి మీరు మిషన్లు ఆపుతారని మన డిపార్టుమెంటులో ఎవరికి తెలియదు?” ఆమె గొంతులో కోపం లేదు. “మీరే చెబుతారని ఆ నెలంతా చూశాను. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది సార్.”

అవతల బడిగంట మోగింది. క్లాసుందని ఆమె ఫోను పెట్టేసింది. బండివాడు నన్నెత్తడానికి తాడు పట్టుకొచ్చి జరగమంటున్నా, ఆయన అలాగే నిలబడ్డారు.